కథలో ముద్దాయి స్థానం: అమెరికన్ టెలివిజన్ నేర నాటకాల చరిత్ర

1

నేర కథ అనగానే మన సాహిత్య విమర్శ మొహం తిప్పుకుంటుంది. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్‌నీ, ఆయన అసిస్టెంటు రాజునీ తెలుగు పాఠకులు అద్దె పుస్తకాల షాపుల్లో వెతుక్కుని చదివిన రోజుల్లో, అవి కాలక్షేపపు సరుకని ఒక్క మాటతో తోసిపుచ్చి విమర్శకులు తమ పని అయిపోయిందనుకున్నారు. ఇవాళ ఆ పాఠకుల మనుమలు టెలివిజన్‌లోనూ, చేతిలోని ఫోనులోనూ అంతే ఆసక్తితో పోలీసు కథలు చూస్తున్నారు. వాటి గురించి జరిగే కొద్దిపాటి చర్చ కూడా ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నది: ఇందులో స్త్రీలెందరు, దళితులెందరు, ముస్లింలెందరు, వాళ్ళను మంచిగా చూపించారా, చెడ్డగా చూపించారా?

ఈ ప్రశ్న అవసరమైనదే. అయితే అది సగం ప్రశ్న మాత్రమేనని నా అభిప్రాయం. కథ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది, ఎవరి వెంట నడుస్తుంది, ఎవరి ఇంట్లోకి వెళ్తుంది, ఎవరి గడప దగ్గర ఆగిపోతుంది అన్నది మిగిలిన సగం. నేర కథలో ఇది మరీ ముఖ్యం. పోలీసు, బాధితుడు, సాక్షి, ప్లీడరు, జడ్జి అందరూ మాట్లాడేది ముద్దాయి గురించే. ముద్దాయి మాట్లాడే వీలు ఎంత ఉంటుందో తేల్చేది మాత్రం కథా నిర్మాణం. వస్తువులో ప్రాతినిధ్యం ఇచ్చి నిర్మాణంలో దాన్ని వెనక్కి తీసుకోవడం ఎలా సాధ్యమో తెలుసుకోవాలంటే ఈ ప్రక్రియ చరిత్రను చూడాలి.

అందుకు అమెరికన్ టెలివిజన్‌ను ఎంచుకున్నాను. అక్కడ ఈ ప్రక్రియకు ఏడు దశాబ్దాలు దాటిన చరిత్ర ఉంది. మన ధారావాహికలు అనుసరిస్తున్న మూసలు చాలావరకు అక్కడ తయారైనవే. పైగా అక్కడి సమాజంలో పోలీసుకూ నల్లజాతి ప్రజలకూ మధ్య నడిచిన ఘర్షణ ఎంత తీవ్రమైనదంటే, ఏ కథకుడూ దాని నుంచి తప్పించుకోలేకపోయాడు. తప్పించుకోవాలని చేసిన ప్రయత్నాలు కూడా నిర్మాణంలో జాడలు వదిలాయి.

2

1949లో రేడియోలో మొదలైన 'డ్రాగ్‌నెట్' 1951 డిసెంబరు 16న టెలివిజన్‌కు వచ్చింది. జాక్ వెబ్ దాని సృష్టికర్త, దర్శకుడు, ప్రధాన నటుడు కూడా. కథానాయకుడు లాస్ ఏంజిలిస్ పోలీసు శాఖలో పనిచేసే సార్జెంటు జో ఫ్రైడే. నిర్మాణం చాలా సరళం. నిడివి అరగంట. ఫ్రైడే గొంతే కథ చెబుతుంది. ఆ రోజు తారీకు, వాతావరణం, తాను ఏ విభాగంలో డ్యూటీలో ఉన్నదీ చెప్పి మొదలుపెడుతుంది. ఫిర్యాదు వస్తుంది, సాక్షులను విచారిస్తారు, దోషి దొరుకుతాడు. చివర దోషి కెమెరా ముందు నిలబడి ఉండగా, అతనికి ఎంత శిక్ష పడిందో మరొక గొంతు ప్రకటిస్తుంది. కథ నిజమనీ, పేర్లు మాత్రమే మార్చామనీ ప్రతిసారీ ప్రేక్షకుడికి చెప్పేవారు.

ఆ నిజం ఎక్కడి నుంచి వచ్చిందో గమనించాలి. కేసుల ఫైళ్ళు పోలీసు శాఖ ఇచ్చింది. సాంకేతిక సలహాదారులను ఆ శాఖే పంపింది. స్క్రిప్టులను ఆ శాఖే చూసింది. 1950లో పోలీసు ఛీఫ్ పదవికి వచ్చిన విలియం పార్కర్ తన శాఖ ప్రతిష్ఠ విషయంలో ఎంతో పట్టుదల ఉన్నవాడు. 'డ్రాగ్‌నెట్' ఆ ప్రతిష్ఠను దేశంలోని ప్రతి ఇంటి ముందు గదిలోకీ చేర్చింది.

అది టెలివిజన్‌కు వచ్చిన తొమ్మిది రోజులకు, 1951 క్రిస్మస్ నాడు, అదే నగరంలో అదే శాఖ కస్టడీలో ఉన్న ఏడుగురు యువకులను, తాగి ఉన్న పోలీసులు చావగొట్టారు. ఆ ఏడుగురిలో ఐదుగురు మెక్సికన్ అమెరికన్లు. దాన్ని 'నెత్తుటి క్రిస్మస్' అన్నారు. మెక్సికన్ అమెరికన్ సమాజం ఆందోళన చేసిన తరువాత 1952లో ఎనిమిది మంది పోలీసుల మీద నేరారోపణ జరిగింది. ఇది కూడా కేసే, దీనికీ ఫైలుంది. కానీ 'డ్రాగ్‌నెట్' నిర్మాణంలో ఇటువంటి కేసుకు చోటు ఉండదు. కథ చెప్పే గొంతు స్టేషను గొంతు. లాకప్పులో ఏం జరిగిందో చెప్పాలంటే లాకప్పులో ఉన్నవాడి గొంతు కావాలి. ఆ గొంతుకు అరగంటలో ఒక్క నిమిషమైనా కేటాయించలేదు. శిక్ష ప్రకటించేటప్పుడు ముద్దాయి నోరు మూసుకుని నిలబడటం ఆ నిర్మాణంలోని ప్రధాన ప్రతీక.

ఇందులో నల్లవాళ్ళను, మెక్సికన్లను చెడ్డగా చూపించారా అని అడిగితే పెద్దగా ఆధారాలు దొరక్కపోవచ్చు. దోషుల్లో తెల్లవాళ్ళే ఎక్కువ. వివక్ష పాత్రచిత్రణలో కంటే కథనంలోనే ఎక్కువగా ఉంది.

3

1965 ఆగస్టు 11న లాస్ ఏంజిలిస్‌లోని వాట్స్ ప్రాంతంలో ఒక నల్లజాతి యువకుడి కారును పోలీసులు ఆపడంతో మొదలైన గొడవ ఆరు రోజుల తిరుగుబాటుగా మారింది. 34 మంది చనిపోయారు. పార్కర్ అప్పటికీ పోలీసు ఛీఫే. ఆ తరువాత రెండేళ్ళలో దేశంలోని అనేక నగరాలు రగిలాయి. కారణాలు తెలుసుకోవడానికి అధ్యక్షుడు జాన్సన్ నియమించిన కెర్నర్ కమిషన్ 1968లో నివేదిక ఇస్తూ, పత్రికలూ టెలివిజనూ ప్రపంచాన్ని తెల్లవాడి కళ్ళతోనే చూస్తున్నాయని తప్పుపట్టింది.

టెలివిజన్ కంపెనీలు ఈ విమర్శకు జవాబు వెతికాయి. ఆ జవాబులలో ఒకటి 1968లోనే మొదలైన 'ది మాడ్ స్క్వాడ్'. ఇందులో ముగ్గురు యువ కథానాయకులు. ఒక తెల్ల కుర్రాడు, ఒక తెల్ల అమ్మాయి, లింక్ హేస్ అనే నల్ల కుర్రాడు. ముగ్గురూ చట్టంతో చిక్కుల్లో పడినవాళ్ళు, జైలు తప్పించుకోవడానికి రహస్య పోలీసులుగా చేరినవాళ్ళు. లింక్ అరెస్టయింది వాట్స్ తిరుగుబాటులోనేనని కథ చెబుతుంది.

ఇది ఎంత తెలివైన పరిష్కారమో చూడండి. తిరుగుబాటు చేసిన యువకుడికి తెర మీద చోటు దక్కింది. అతని జుట్టు, దుస్తులు, మాట తీరు, ఆత్మగౌరవం అన్నీ దక్కాయి. అప్పటి టెలివిజన్‌లో నల్లజాతి నటుడు ప్రధాన పాత్రలో కనిపించడమే అరుదు. నల్లజాతి పిల్లలు తమలాంటి మనిషిని వారం వారం చూసుకోగలగడం చిన్న విషయమేమీ కాదు. దాన్ని వెక్కిరించే హక్కు మనకు లేదు. కానీ అతను ఎందుకు తిరగబడ్డాడన్నది కథ మొదలు కావడానికి ముందే జరిగిపోయిన గతం. కథ మొదలయ్యేసరికి అతను పోలీసు వైపు ఉన్నాడు. అతని పని తన వయసువాళ్ళ మధ్య తిరిగి సమాచారం సేకరించడం. కొత్త మనిషి వచ్చాడు, కూర్చున్నది మాత్రం పాత కుర్చీలో.

4

నిర్మాణాన్నే తలకిందులు చేసిన వాళ్ళు కూడా ఆ రోజుల్లోనే ఉన్నారు. రిచర్డ్ లెవిన్‌సన్, విలియం లింక్ అనే ఇద్దరు రచయితలు సృష్టించిన 'కొలంబో' 1968లో టెలివిజన్ చిత్రంగా వచ్చి, 1971 నుంచి ధారావాహికగా నడిచింది. ఇందులో హత్య ఎవరు చేశారన్నది ప్రేక్షకుడికి మొదటే చూపిస్తారు. హంతకుడి ఆలోచన, ఏర్పాట్లు, అతను సృష్టించుకునే దొంగ సాక్ష్యం అన్నీ చూసిన తరువాతే మాసిన రెయిన్‌కోటు వేసుకున్న లెఫ్టినెంటు కొలంబో లోపలికి వస్తాడు. ఈ పద్ధతి పూర్తిగా కొత్తదేమీ కాదు. ఆస్టిన్ ఫ్రీమన్ 1912లో 'ది సింగింగ్ బోన్' కథల్లో దీన్ని ప్రయోగించాడు. దాస్తొయెవ్‌స్కీ 'నేరము–శిక్ష'లోని పొర్ఫీరీ పెత్రోవిచ్ తమ కొలంబోకు ఒక మూలమని రచయితలే చెప్పుకున్నారు.

ఈ మార్పు ఫలితం గమనించదగ్గది. ఎవరు చేశారన్న ప్రశ్న పోయేసరికి అనుమానితుల వరస కూడా పోయింది. వీధిలోని పేదవాడిని పట్టుకొచ్చి బెదిరించే దృశ్యం అవసరం లేకుండా పోయింది. కథ హంతకుడి ఇంట్లోనే నడుస్తుంది. ఆ ఇల్లు ఎప్పుడూ ధనవంతుడిదే. సర్జన్లు, ప్రసిద్ధ రచయితలు, సంగీత దర్శకులు, వ్యాపారులు. కొలంబో వాళ్ళ తివాచీల మీద అడుగుపెట్టడానికి మొహమాటపడుతూ, వాళ్ళ వస్తువుల ధరలు అడుగుతూ, వాళ్ళ అహంకారాన్నే వాళ్ళకు ఉచ్చుగా బిగిస్తాడు. ముద్దాయి అంటే పేదవాడు అన్న సమీకరణాన్ని, ఒక్క ఉపన్యాసం కూడా లేకుండా, కేవలం కథాక్రమం మార్చి ఇది రద్దు చేసింది.

దీనికీ పరిమితులున్నాయి. ధనవంతుడు చేసే నేరం ఇక్కడ ఒక వ్యక్తి చేసిన ఒక హత్య మాత్రమే. అతని సంపద ఎలా వచ్చిందన్నది నేరం కిందికి రాదు. కొలంబో పనిచేసేది కూడా అదే లాస్ ఏంజిలిస్ పోలీసు శాఖలో. ఆ శాఖకు వాట్స్ అనే ప్రాంతంతో సంబంధం ఉన్నట్టే మనకు తెలియదు. అయినా నిర్మాణంలో చిన్న మార్పు వర్గ దృక్పథాన్ని ఎంత దూరం జరపగలదో చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

5

1981 జనవరి 15న మొదలైన 'హిల్ స్ట్రీట్ బ్లూస్' మరొక మలుపు. స్టీవెన్ బాచ్‌కో, మైకేల్ కొజోల్ దీని సృష్టికర్తలు. అప్పటిదాకా ఒక ఎపిసోడ్‌కు ఒక కేసు. ఇక్కడ ఒకేసారి అనేక కథలు నడుస్తాయి, వారాల తరబడి సాగుతాయి, కొన్ని తెగకుండానే మిగిలిపోతాయి. 1977లో న్యూయార్క్‌లోని సౌత్ బ్రాంక్స్ పోలీసుల మీద వచ్చిన 'ది పోలీస్ టేప్స్' అనే డాక్యుమెంటరీ ప్రభావంతో కెమెరాను చేత్తో పట్టుకుని తిప్పారు. మాటల మీద మాటలు పడతాయి, మనుషులు మనుషులకు అడ్డొస్తారు.

కథ పొడవు పెరగడం వల్ల ముద్దాయికి రేపు అన్నది దొరికింది. హెసూస్ మార్టినెజ్ అనే ముఠా నాయకుడు ఒక వారం అరెస్టయి మాయమయ్యే మనిషి కాదు. అతను మళ్ళీ మళ్ళీ వస్తాడు, కెప్టెన్ ఫురిల్లోతో బేరాలాడతాడు, తన పేటకు తాను ప్రతినిధినని వాదిస్తాడు. అరగంట కథలో దోషిగా మాత్రమే మిగిలే మనిషి ఆరేళ్ళ కథలో పాత్ర అవుతాడు.

అయితే కంపెనీ దీన్ని తేలిగ్గా ఒప్పుకోలేదు. రెండో సంవత్సరానికి అనుమతిస్తూ ఎన్‌బీసీ ఒక షరతు పెట్టింది: ప్రతి ఎపిసోడ్‌లో కనీసం ఒక కథయినా ముగిసి తీరాలి. రూపం అనేది రచయిత ఏకాంతంలో తీసుకునే నిర్ణయమని నమ్మే మిత్రులు ఈ షరతును గుర్తుంచుకోవాలి.

ప్రాతినిధ్యం విషయంలోనూ కంపెనీలది ఇదే తీరు. 1982లో సీబీఎస్‌లో ధారావాహికగా మొదలైన 'కాగ్నీ అండ్ లేసీ' ఇద్దరు స్త్రీ డిటెక్టివుల కథ. దీన్ని ఊహించింది బార్బరా అవెడన్, బార్బరా కోర్డే అనే ఇద్దరు రచయిత్రులు. మొదటి ఆరు ఎపిసోడ్లలో కాగ్నీగా నటించిన మెగ్ ఫాస్టర్‌ను కంపెనీ మార్పించింది. ఆ పాత్రలు మరీ కరకుగా, స్త్రీ విమోచనవాదుల్లా ఉన్నాయన్నది వాళ్ళ అభ్యంతరం. 1983లో ధారావాహికను ఆపేస్తే, ప్రేక్షకులు ఉత్తరాల వెల్లువ పంపించి 1984లో మళ్ళీ రప్పించుకున్నారు. ప్రాతినిధ్యం పై నుంచి దయతో వచ్చింది కాదు, అడిగితే వచ్చింది. ఈ చరిత్ర తెలిసినవాడెవడూ ప్రాతినిధ్యాన్ని పైపూతగా కొట్టిపారేయలేడు.

6

1990 సెప్టెంబరులో ఎన్‌బీసీలో మొదలైన 'లా అండ్ ఆర్డర్' 2010 వరకు ఇరవై సంవత్సరాలు నడిచింది, 2022లో మళ్ళీ మొదలైంది. గంటలో మొదటి సగం పోలీసు పరిశోధన, రెండో సగం ప్రభుత్వ ప్లీడర్ల వాదన. ఈ రెండు సగాల వెనుక వ్యాపార సూత్రం ఉంది. ఆ రోజుల్లో గంట నిడివి నాటకాలకు పునఃప్రసారపు మార్కెట్లో గిరాకీ తక్కువ, అరగంట వాటికి ఎక్కువ. అవసరమైతే రెండు ముక్కలుగా కోసి అమ్ముకోవచ్చునన్న ఆలోచనతో నిర్మాత డిక్ వుల్ఫ్ ఈ రూపాన్ని తయారుచేశాడు.

రూపం వ్యాపారం కోసం పుట్టినా అది చేసే పని భావజాలపరమైనది. రెండు సగాలూ ప్రభుత్వం వైపువే. ముద్దాయి తరపు ప్లీడరు ప్రతివారం మారతాడు, ఒక అడ్డంకిగా వచ్చి వెళ్ళిపోతాడు. అతని ఇంటికి గాని, ముద్దాయి ఇంటికి గాని కథ తీరిగ్గా వెళ్ళదు. ఒక వారం కథను మరొక వారం గుర్తుపెట్టుకోనక్కరలేదు. కాబట్టి పోలీసుల పొరపాటుకు కూడా మరుసటి వారం దాకా ఆయుష్షు లేదు.

ఈ కుర్చీలలో మనుషులను మార్చిన తీరు ఆసక్తికరమైనది. మొదటి మూడు సంవత్సరాలు ప్రధాన నటులందరూ పురుషులే. స్త్రీలు లేకపోతే కుదరదని 1993లో ఎన్‌బీసీ పట్టుబట్టింది. అప్పుడు ఇద్దరు స్త్రీలకు చోటిచ్చి ఇద్దరు పురుషులను తీసేశారు. వెళ్ళిపోయినవాళ్ళలో ఒకడు పాల్ రాబినెట్ అనే నల్లజాతి ప్లీడరు పాత్ర వేసిన రిచర్డ్ బ్రూక్స్. వచ్చినవాళ్ళలో ఒకామె లెఫ్టినెంటు అనీటా వాన్ బ్యూరన్ పాత్ర వేసిన నల్లజాతి నటి ఎపేథా మర్కర్‌సన్. ఒక ప్రాతినిధ్యం రావడానికి మరొక ప్రాతినిధ్యం ఖాళీ చేయవలసి వచ్చింది. నిర్మాణంలో కుర్చీల సంఖ్య పెరగనప్పుడు పీడితులే ఒకరినొకరు లేపి కూర్చోవలసి వస్తుంది.

ఇదే మర్కర్‌సన్ మొదటి సంవత్సరంలో ఒక ఎపిసోడ్‌లో మరొక పాత్ర వేసింది. కాల్పుల్లో బిడ్డను కోల్పోయిన తల్లి పాత్ర అది. తల్లిగా ఆమెకు దక్కింది ఒక్క వారం. లెఫ్టినెంటుగా పదిహేడు సంవత్సరాలు. అదే నటి, అదే నగరం, అదే జాతి. ఆమె కథకు ఎంత కాలం కావాలో నిర్ణయించింది ఆమె కూర్చున్న స్థానం. రాబినెట్ కూడా తరువాత ఒకసారి ముద్దాయి తరపు ప్లీడరుగా తిరిగొచ్చాడు. జాతి ప్రశ్నను అతను అప్పుడు లేవనెత్తినంత పదునుగా ప్రభుత్వ ప్లీడరుగా ఉన్న మూడేళ్ళలో లేవనెత్తలేకపోయాడు.

7

బాల్టిమోర్ నగరం నుంచి వచ్చిన రెండు ధారావాహికలు ఈ చరిత్రలో ప్రత్యేకంగా చెప్పుకోవలసినవి. రెంటికీ మూలం 'బాల్టిమోర్ సన్' పత్రికలో పోలీసు వార్తలు రాసిన డేవిడ్ సైమన్.

సైమన్ 1991లో ప్రచురించిన పుస్తకం ఆధారంగా 'హోమిసైడ్: లైఫ్ ఆన్ ది స్ట్రీట్' 1993 నుంచి 1999 వరకు వచ్చింది. మొదటి సంవత్సరంలో టామ్ ఫాంటానా రాసిన ఒక ఎపిసోడ్ దాదాపు పూర్తిగా విచారణ గదిలోనే జరుగుతుంది. పదకొండేళ్ళ బాలిక హత్య కేసులో అనుమానితుడు గుర్రపు బండి మీద పళ్ళు అమ్ముకునే నల్లజాతి ముసలివాడు. విచారించేవాళ్ళు పెంబుల్‌టన్ అనే నల్ల డిటెక్టివు, బేలిస్ అనే తెల్ల డిటెక్టివు. గంటలు గడిచేకొద్దీ ముసలివాడు ఎదురు తిరిగి మాట్లాడటం మొదలుపెడతాడు. తోటి నల్లవాళ్ళ కంటె తాను పై మెట్టు మీద ఉన్నాననుకునే పెంబుల్‌టన్ అహాన్ని అతని మొహం మీదే బయటపెడతాడు. హత్య మాత్రం ఒప్పుకోడు. అతన్ని వదిలేస్తారు. ఆ కేసు ఆఖరుదాకా తేలదు. తేలకపోవడమే ఇక్కడ ముఖ్యం. దోషి దొరికి ఉంటే ముసలివాడి మాటలు దోషి మాటలుగా కొట్టుకుపోయేవి. దొరకలేదు కాబట్టి ఆ మాటలకు మనం జవాబు చెప్పుకోవలసి వచ్చింది.

2002 నుంచి 2008 వరకు హెచ్‌బీవోలో వచ్చిన 'ది వైర్' ఐదు సంవత్సరాల, అరవై ఎపిసోడ్ల రచన. సైమన్‌తో పాటు రాసిన ఎడ్ బర్న్స్ మాజీ డిటెక్టివు, మాజీ బడిపంతులు. మొదటి సంవత్సరం పోలీసులకూ మాదకద్రవ్యాల ముఠాకూ మధ్య నిఘా కథ. రెండో సంవత్సరం పని తగ్గిపోయిన ఓడరేవు కార్మికులు, మూడోది నగర రాజకీయం, నాలుగోది బడులు, ఐదోది పత్రిక. చూడండి, కథ ముందుకు పోతున్నకొద్దీ నేరం నుంచి కారణం వైపు నడిచింది. 2006లో వచ్చిన నాలుగో భాగంలో ఎనిమిదో తరగతి పిల్లలు నలుగురు ఉన్నారు. ఏడాదంతా వాళ్ళ ఇళ్ళలో, తరగతి గదిలో, వీధి మలుపులో తిరిగాక వాళ్ళలో ఒకడు తుపాకీ పట్టినప్పుడు మనకు ముద్దాయి కనిపించడు, మనకు తెలిసిన పిల్లవాడు కనిపిస్తాడు. నటుల్లో అత్యధికులు నల్లవాళ్ళు కావడం ఎంత ముఖ్యమో, వాళ్ళు పోలీసులుగా, దొంగలుగా, టీచర్లుగా, మేయర్లుగా, తల్లులుగా అన్ని స్థానాల్లోనూ ఉండటం అంతకంటె ముఖ్యం. ఏ ఒక్కరూ తమ జాతి మొత్తం బరువు మొయ్యనక్కరలేకపోయింది.

ఈ రచన చూస్తున్నంతసేపూ నాకు రావిశాస్త్రిగారు గుర్తొచ్చారు. 1960లలో ఆయన రాసిన 'ఆరు సారా కథలు' మద్యనిషేధం చుట్టూ అల్లుకున్న కథలు. సారా కాసేవాడు, అమ్మేది, పట్టుకునే పోలీసు, వాదించే ప్లీడరు, శిక్ష వేసే మేజిస్ట్రేటు అందరూ ఒకే గొలుసులో లింకులని విశాఖపట్నం కోర్టుల్లో ప్లీడరుగా తిరిగిన ఆయనకు తెలుసు. 'మాయ' కథలో సారా కేసు ముద్దాయి ముత్యాలమ్మ తన మాటల్లో, తన యాసలో కోర్టూ పోలీసూ ఎలా నడుస్తాయో కుర్ర ప్లీడరుకు పాఠం చెబుతుంది. కథకు ఎత్తుగడ ప్లీడర్లది, తీర్పు ముత్యాలమ్మది. నలభై ఏళ్ళ తరువాత బాల్టిమోర్‌లో మాదకద్రవ్యాల మీద ప్రభుత్వం ప్రకటించిన యుద్ధాన్ని రాసినవాళ్ళకు రావిశాస్త్రి తెలియదు. నిషేధం ఎక్కడైనా ఎవరి నెత్తిన పడుతుందో, ఎవరి జేబులు నింపుతుందో నిజాయితీగా చూసిన రచయితలు ఒకే నిర్మాణానికి చేరుకున్నారని మాత్రం అనగలను.

తేడా కూడా ఉంది. 'ది వైర్' తన సంస్థలను గ్రీకు విషాదాంత నాటకాల్లోని దేవతలతో పోల్చుకుంది. మనుషులు వాటి కింద నలిగిపోతారు, ఒకరి స్థానంలోకి మరొకరు వస్తారు, చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఈ చిత్రణలో గొప్ప సత్యం ఉంది. సంఘటితంగా ఎదురు తిరిగే ప్రజ మాత్రం లేదు. 2015 ఏప్రిల్‌లో అదే నగరంలో ఫ్రెడ్డీ గ్రే అనే ఇరవై ఐదేళ్ళ నల్ల యువకుడు పోలీసు కస్టడీలో తగిలిన గాయాలతో చనిపోయినప్పుడు జనం వీధుల్లోకి వచ్చారు. గొడవ ముదిరిన రాత్రి సైమన్ వాళ్ళను ఇళ్ళకు తిరిగి వెళ్ళమని కోరాడు. అరవై ఎపిసోడ్లలో ఊహించని దృశ్యం ఎదురైనప్పుడు రచయిత తడబడ్డాడు. మరొక లోటు కలం ఎవరి చేతిలో ఉందన్నది. నల్లజాతి రచయితలు కొందరు పాలు పంచుకున్నా, ఆ నల్ల నగరపు కథను ప్రధానంగా రాసింది తెల్ల పురుషులే. స్త్రీ పాత్రలు సన్నబడటం దానితో సంబంధం లేని విషయమని నేననుకోను.

8

2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్‌ను పోలీసు చంపినప్పుడు అమెరికా మొత్తం కదిలింది. నిజమైన పోలీసుల వెంట కెమెరాను తిప్పే 'కాప్స్' అనే కార్యక్రమాన్ని, 1989 నుంచి నడుస్తున్నదాన్ని, ఆ జూన్‌లో ఆపేశారు. మరుసటి సంవత్సరమే అది మరొక చోట మళ్ళీ మొదలైంది. ఆ ఏడాది జనవరిలోనే 'కలర్ ఆఫ్ ఛేంజ్' అనే పౌరహక్కుల సంస్థ 26 నేర ధారావాహికలను పరిశీలించి నివేదిక ఇచ్చింది. వాటి సారథుల్లో ఐదింట నాలుగు వంతులు తెల్ల పురుషులేనని తేలింది. పోలీసులు చేసే చట్ట ఉల్లంఘనలను ఈ కథలు తప్పుగా కాక, పని జరగడానికి మామూలుగా అవసరమైన విషయంగా చూపిస్తున్నాయని, మంచి పాత్రల చేత చేయించడం వల్ల అవి మరింత ఆమోదయోగ్యమవుతున్నాయని ఆ నివేదిక చెప్పింది. నల్ల పోలీసు నల్ల ముద్దాయి మీద చేయి చేసుకుంటే ప్రేక్షకుడి మనస్సు తేలికపడుతుంది. ప్రాతినిధ్యం నిర్మాణానికి రక్షణ కవచంగా మారే పద్ధతి ఇది.

ఈ ప్రశ్న మన ముంగిటికీ వచ్చింది. 2022లో వచ్చిన 'ఢిల్లీ క్రైమ్' రెండో భాగంలో, వరస హత్యల కేసులో పోలీసులు మొదట విముక్త జాతుల మనుషులను పట్టుకొస్తారు. ఆ జాతులు పుట్టుకతోనే నేరస్థులని చెప్పే పాత అధికారి ఒకడు సలహాదారుగా వస్తాడు. వాళ్ళు నిర్దోషులని కథ తేలుస్తుంది, పోలీసుల పక్షపాతాన్ని నిలదీస్తుంది. 1871లో వచ్చి, 1911లో మద్రాసు రాష్ట్రానికి విస్తరించి, 1952లో దేశమంతటా రద్దయిన నేరస్థ జాతుల చట్టం కింద బాపట్ల దగ్గర ఎరుకలవాళ్ళను స్టూవర్టుపురం సెటిల్‌మెంటులో ఉంచిన చరిత్ర మనది. కాబట్టి ఈ కథను మెచ్చుకోవలసిందే. కానీ కథకు కేంద్రం ఆ మనుషుల బతుకు కాలేదు, ఒక మంచి పోలీసు అధికారిణి మనస్సాక్షి అయింది. 2023లో వచ్చిన 'దహాడ్' రాజస్థాన్‌లో అంజలి భాటీ అనే దళిత సబ్ ఇన్‌స్పెక్టరు కథ. హంతకుడెవరో ఇందులో తొందరగానే తెలిసిపోతుంది. అందువల్ల చంపిందెవరన్న ప్రశ్న పక్కకు జరిగి, ఇంతమంది పేద ఆడపిల్లలు కనిపించకుండా పోతే ఎవరూ ఎందుకు వెతకలేదన్న ప్రశ్న ముందుకొచ్చింది. నాయిక దళితురాలు కావడం, నిర్మాణం ఆ ప్రశ్నకు చోటివ్వడం రెండూ కలిసినందువల్లే ఆ రచనకు బలం వచ్చింది.

తెలుగులో ఇప్పుడు పోలీసు కథలు రాస్తున్న యువ మిత్రులు చాలామంది ఉన్నారు. కథల్లోకి దళిత ఇన్‌స్పెక్టర్లనూ, ముస్లిం కానిస్టేబుళ్ళనూ, స్త్రీ ఎస్పీలనూ తీసుకొస్తున్నారు. తీసుకురావాలి కూడా. వాళ్ళను నేను అడిగేది చిన్న విషయం. మొదటి సన్నివేశం రాసే ముందు, స్టేషనుకు వచ్చిన ఫోనుతో కథ మొదలుపెట్టే ముందు, ఆ రాత్రి పోలీసులు తలుపు తట్టబోయే ఇంట్లో ఎవరెవరున్నారో, పొయ్యి మీద ఏముందో, ఆ ఇంటి ఇల్లాలు రేపు జామీను కోసం ఎవరి దగ్గర అప్పు అడగాలనుకుంటుందో ఒక పేజీ రాసి చూడండి. ఆ పేజీ రాశాక కూడా మీ కథ స్టేషనులోనే మొదలు కావలసి ఉంటే అలాగే మొదలు పెట్టండి. కాని ఆ ఇల్లాలికి మీ కథలో ఎన్ని నిమిషాలిచ్చారో లెక్క చూసుకోండి.